ఎపిజెనెటిక్ మందుల గురించి రాసేటప్పుడు ఎదురుచూడవలసిన నెలలనూ రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. క్యాన్సర్ పరిశోధకుడు పీటర్ జోన్స్ కృషి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన అరపేజీ వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. జన్యువులోని అక్షరాలు మారకుండానే అది పలకడం, మూగబోవడం ఎలా మారుతుందో పరిశీలించే ఎపిజెనెటిక్స్ లాంటి విషయానికి ఒక తెలుగు దినపత్రిక అంత చోటు ఇవ్వడం అరుదు కనుక ముందుగా అభినందనలు. అయితే ఆ వ్యాసంలో ఒక యువ శాస్త్రవేత్త ప్రయోగశాలలో వింతను చూశాడు, దాని నుంచి మందు పుట్టింది, రోగులు కోలుకున్నారు అన్నట్టుగా మూడు అంగల్లో కథ ముగిసిపోయింది. ఆ వింత కనిపించిన సంగతి అచ్చయింది 1977లో. ఆ మందుకు, అంటే అజాసైటిడిన్‌కు, అమెరికాలో అనుమతి వచ్చింది 2004లో. ఈ రెంటి నడుమ ఉన్న 27 ఏళ్లలో ఏం జరిగిందో చెప్పకుండా వదిలేస్తే పాఠకుడికి కలిగే నష్టం చిన్నది కాదని మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి నాకు తెలుసు.

నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా జీవరసాయన శాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. అజాసైటిడిన్ అనే పేరు నాకు పాఠంగానే తెలుసు. దాన్ని దగ్గర నుంచి చూసింది మాత్రం మా పెద్ద బావగారి జబ్బు సమయంలోనే. ఆయనకు అరవై ఎనిమిదో ఏట మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అని తేలింది. ఎముక మజ్జ రక్తకణాలను సరిగా తయారు చేయలేకపోవడం, తయారైనవి ఎదగకముందే నశించడం, కొందరిలో అది ముదిరి తీవ్రమైన ల్యుకేమియాగా మారడం ఈ జబ్బు తీరు. పది పన్నెండు రోజులకోసారి రక్తం ఎక్కిస్తే తప్ప ఆయన మంచం దిగలేకపోయేవారు. మజ్జ మార్పిడిని తట్టుకునే స్థితి కాదని చెప్పి డాక్టర్లు ఈ ఇంజెక్షన్లు రాశారు.

డే కేర్ వార్డులో సిస్టర్ ఆ మందు కలపడం ఎన్నోసార్లు చూశాను. చిన్న సీసాలో తెల్లని పొడి ఉంటుంది. అందులో నాలుగు మిల్లీలీటర్ల ఇంజెక్షన్ నీరు పోసి ఊపితే పూర్తిగా కరగదు, బియ్యం కడిగిన నీళ్లలా మసకగా తయారవుతుంది. సిరంజీలోకి తీసుకున్నాక పొడి అడుగున పేరుకుపోకుండా దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి, కవ్వం తిప్పినట్టు, అరనిమిషం గబగబా దొర్లించి అప్పుడు పొడిచేది. నీళ్లు తగిలిన దగ్గర నుంచి ఈ మందు విరిగిపోవడం మొదలవుతుంది కనుక, బయట ఉంచితే గంటలోపు వేసేయాలి. అందుకే బావగారు కుర్చీలో కూర్చున్నాకే సీసా తెరిచేది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు మోతాదు. ఆ లెక్కన ఆయనకు రోజూ రెండు సిరంజీలయ్యేవి, ఒకటి పొట్ట మీద, ఒకటి తొడ మీద. నిన్న పొడిచిన చోటు ఎర్రగా కందిపోయి ఉంటుంది కనుక దానికి అంగుళం ఎడంగా వెతికి పొడవాలి. ఏడు రోజులు అలా సాగాక మూడు వారాల విరామం. మొత్తం 28 రోజులను ఒక సైకిల్ అంటారు.

మొదటి రెండు సైకిళ్లు గడిచేసరికి ఆయన రక్తకణాల సంఖ్య పెరగకపోగా ఇంకా పడిపోయింది. ప్లేట్‌లెట్లు తగ్గి చిగుళ్ల నుంచి రక్తం కారింది. మా అక్కయ్య నన్ను పిలిచి, "ఒరేయ్, రెండు కోర్సులయ్యాయి, రక్తం ఎక్కించడం మానలేదు సరికదా ఇప్పుడు ప్లేట్‌లెట్లు కూడా ఎక్కించమంటున్నారు. ఇంకా మీ బావగారిని పొడిపిస్తూ కూర్చోవాలా?" అని అడిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బంధువు ఒకరు ఏదో పత్రికలోని కట్టింగు తెచ్చి చూపించారు. కొత్త తరం మందులు వారాల్లో క్యాన్సర్‌ను తుడిచిపెడుతున్నాయన్న ధోరణిలో ఉంది అది. వారాల్లో పనిచేయవలసిన మందు రెండు నెలలైనా పనిచేయలేదంటే ఇక అది పనిచేయదనే కదా అర్థం, అన్నారు ఇంటిల్లిపాదీ. ఆ తర్కంలో తప్పేమీ లేదు; చదివినదాన్ని నమ్మితే ఎవరైనా అక్కడికే వస్తారు. నిజానికి డాక్టరు మొదటి రోజే "కనీసం ఆరు సైకిళ్లు చూడాలి" అని చెప్పారు. బయట యాభై మంది నిలబడి ఉన్న ఓపీలో ఆయన చెప్పగలిగింది ఆ ఒక్క వాక్యమే. ఎందుకు చూడాలో ఎవరూ చెప్పలేదు. ఆ 'ఎందుకు' అన్నదానికి జవాబు పీటర్ జోన్స్ పరిశోధనలోనే ఉంది, మీ వ్యాసం వదిలేసిన భాగంలో.

అజాసైటిడిన్‌ను ఆయన కనిపెట్టలేదు. దాన్ని 1964లో ప్రాగ్‌లో పిస్కాలా, షోర్మ్ అనే చెక్ రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. తర్వాతి కాలంలో వైద్యులు దాన్ని మామూలు కీమో మందులాగానే, కణాలను చంపే విషంగా భావించి, పెద్ద మోతాదుల్లో ల్యుకేమియా రోగులకు ఇచ్చి చూశారు. వాంతులు విపరీతంగా ఉండేవి. కేప్‌టౌన్‌లో పుట్టి, నాటి రొడీషియాలో పెరిగి, లండన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన జోన్స్ ఎత్తుకున్న ప్రశ్న వేరు. క్యాన్సర్‌కు వాడే మందులే మామూలు కణాలను క్యాన్సర్ కణాలుగా మార్చే ప్రమాదం ఉందా అని ఆయన పరీక్షిస్తున్నారు. ఎలుక పిండం నుంచి తీసి పెంచిన ఒక రకం కణాలకు ఈ మందు తగిలించి కొన్ని వారాల తర్వాత చూస్తే డిష్‌లో పొడవాటి కండర కణాలు కనిపించాయి, అవి తమంత తాము అదురుతున్నాయి కూడా. కండరంతో ఏ సంబంధమూ లేని కణాల నుంచి కండరం పుట్టింది. కాన్‌స్టాంటినైడెస్, గీవర్స్ అనే సహచరులతో కలిసి ఆయన 1977లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అదే ఏడు లాస్ ఏంజెలెస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, షిర్లీ టేలర్‌తో కలిసి రెండేళ్ల తర్వాత అవే కణాల నుంచి కొవ్వు కణాలు, మృదులాస్థి కణాలు కూడా వస్తున్నాయని చూపించారు. మందు జన్యువులో అక్షరాన్ని మార్చి ఉంటే, అంటే ఉత్పరివర్తనం కలిగించి ఉంటే, అది ఇంత తరచుగా, ఇన్ని రకాలుగా జరగడానికి వీల్లేదు. మారింది మరేదో అయి ఉండాలి.

అదేమిటో 1980లో వారిద్దరూ ప్రచురించిన పరిశోధన చెప్పింది. ఇక్కడ నేను తరగతిలో వాడుతూ వచ్చిన పోలిక ఒకటి మీ పాఠకుల కోసం చెప్పనివ్వండి. 'క' అన్న అక్షరానికి తలకట్టు తీసి పొల్లు పెడితే 'క్' అవుతుంది. హల్లు చెరిగిపోలేదు, అక్కడే ఉంది, కాని దానంతట అది పలకదు. డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన గుంపు తగులుకోవడం దాదాపు ఇలాంటిదే. జన్యువు మొదట్లో ఉండే నియంత్రణ భాగంలో ఈ పొల్లులు గుంపుగా పడితే ఆ జన్యువు మూగబోతుంది. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ నకలు తయారవుతుంది కదా, ఆ నకలులో పొల్లులను మళ్లీ సరిగ్గా అవే చోట్ల పెట్టడానికి ఒక ఎంజైము వ్రాయసకాడిలా వెంట తిరుగుతుంది. కాలేయ కణానికి కాలేయ కణమే పుట్టడంలో ఈ నకలు పనికి పెద్ద పాత్ర ఉంది. ఈ గుర్తులు తరతరాల కణాలకు జ్ఞాపకంలా అందుతాయని 1975లోనే హాలిడే, పగ్ ఒకవైపు, రిగ్స్ మరోవైపు ఊహించారు. జోన్స్, టేలర్ చేతుల్లో ఆ ఊహకు బలమైన ప్రయోగాధారం దొరికింది. అజాసైటిడిన్ సైటోసిన్ వేషంలో నకలులోకి దూరుతుంది. కాని దానిలో అయిదో స్థానంలో కర్బనానికి బదులు నత్రజని ఉంటుంది. పొల్లు పెట్టబోయిన వ్రాయసకాడి చెయ్యి అక్కడ అతుక్కుపోతుంది, మళ్లీ ఊడిరాదు. అలా ఎంజైము కొరత ఏర్పడి, కొత్త నకళ్లలో పొల్లులు పడకుండా పోతాయి.

ఆరు సైకిళ్ల రహస్యం ఇక్కడే ఉంది. ఈ మందు ఉన్న పొల్లును చెరిపే రబ్బరు కాదు, కొత్తది పడకుండా మాత్రమే ఆపుతుంది. కాబట్టి కణం విభజన చెందుతూ డీఎన్‌ఏను నకలు తీసుకుంటున్న సమయంలోనే దానికి పని ఉంటుంది. ఒంట్లో అది నిలిచేది కొద్ది గంటలు. ఆ ఏడు రోజుల్లో విభజన దశకు వచ్చిన కణాలు దొరుకుతాయి, తక్కినవి తప్పించుకుని తర్వాతి సైకిల్‌లోనో ఆపై సైకిల్‌లోనో దొరుకుతాయి. ఆలోగా మజ్జ ఇంకా దెబ్బతిన్న స్థితిలోనే ఉంటుంది, పైగా మందు వల్ల కలిగే తరుగు కూడా దానికి తోడవుతుంది. అందుకే మొదట్లో కౌంట్లు పడిపోతాయి. మందు ప్రభావం తెలిసిన రోగుల్లో చాలామందికి అది తెలియడానికి కొన్ని సైకిళ్లు పడుతుంది, ఆరు దాకా కూడా పట్టవచ్చు; మందుతో వచ్చే సమాచార పత్రంలో కూడా కనీసం నాలుగు నుంచి ఆరు సైకిళ్లు ఇవ్వాలనే ఉంటుంది. ఇదంతా మా అక్కయ్యకు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పలకా బలపం లేదు కనుక పాల బిల్లు వెనకాల 'క', 'క్' రాసి చెప్పాను. "అయితే ఆరూ చూద్దాం, ఏడోది నేను అడగను" అంది.

మోతాదు సంగతి కూడా ఇలాంటిదే. పెద్ద మోతాదులో ఈ మందు కణాన్ని చంపేస్తుంది. చచ్చిన కణంలో జన్యువు పలికినా పలకకపోయినా ఒకటే. కణం బతికుండగా కొత్త గుర్తులు పడకుండా ఆగేది తక్కువ మోతాదులో. ప్రయోగశాలలో ఇది తెలిసి, న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌కి చెందిన లూయిస్ సిల్వర్‌మన్ వంటి వైద్యులు తక్కువ మోతాదుతో రోగులపై ఓపికగా పరీక్షించి, 191 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలను 2002లో ప్రచురించారు. ల్యుకేమియాగా మారడానికి లేదా మరణానికి పట్టిన మధ్యస్థ కాలం (అంటే సగం మంది దాటిన కాలం) కేవలం రక్తం ఎక్కిస్తూ చూసినవారిలో 13 నెలలు కాగా ఈ మందు తీసుకున్నవారిలో 21 నెలలు. 2004లో అనుమతి వచ్చింది. 2009లో వెలువడిన మరో పెద్ద పరీక్షలో, ముప్పు ఎక్కువగా ఉన్న 358 మందిలో, మధ్యస్థ ఆయుష్షు 15 నెలల నుంచి 24.5 నెలలకు పెరిగింది. మీ వ్యాసంలో ఒక్క అంకె కూడా లేదు, 'కోలుకున్నారు' అన్న క్రియాపదం ఒక్కటే ఉంది. తొమ్మిదిన్నర నెలలు అని రాస్తే పాఠకుడు నిరుత్సాహపడతాడనుకున్నారేమో. ఆ తొమ్మిదిన్నర నెలల్లో మనవరాలి పెళ్లి ఉన్నవాడికి అది ఎంత పెద్ద అంకెయో మీరు ఊహించగలరు.

క్యాన్సర్‌కూ ఈ గుర్తులకూ ఉన్న సంబంధాన్ని కూడా ఒక్కరే కనిపెట్టలేదు. క్యాన్సర్ కణాల డీఎన్‌ఏలో మిథైల్ గుర్తులు తగ్గిపోతున్నాయని 1983లో చూపినది జాన్స్ హాప్కిన్స్‌లోని ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్. క్యాన్సర్‌ను అదుపులో ఉంచవలసిన జన్యువులకు మాత్రం అక్కరలేని పొల్లులు పడి అవి మూగబోతున్నాయని తొంభైల నాటికి స్టీఫెన్ బేలిన్, జేమ్స్ హర్మన్, జోన్స్ బృందాలు వేర్వేరుగా నిరూపించాయి. కణ విభజనకు పగ్గం వేసే పీ16 జన్యువు ఇందుకు పేరుపడిన ఉదాహరణ. లాస్ ఏంజెలెస్‌లో జోన్స్, జాన్స్ హాప్కిన్స్‌లో బేలిన్, అమెరికాకు చెరో కొసన ఉండి పోటీదారులు కావలసినవారు. ఇద్దరూ కలిసి 2002లో రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులకు తొలిపాఠమైంది, 2009 నుంచి ఒక పెద్ద పరిశోధన బృందాన్ని కూడా కలిసి నడిపారు. జోన్స్ 1993 నుంచి 2011 వరకు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు నోరిస్ క్యాన్సర్ కేంద్రానికి డైరెక్టరుగా ఉండి, 2014లో మిషిగన్‌లోని వాన్ ఆండెల్ పరిశోధన సంస్థకు మారారు. పదవుల జాబితా మీ వ్యాసంలో సరిగానే ఉంది కనుక దాని జోలికి వెళ్లను.

మందు అసలు ఎలా మేలు చేస్తుందన్న ప్రశ్న అనుమతి వచ్చాక కూడా ముగిసిపోలేదు. మన డీఎన్‌ఏలో సుమారు 8 శాతం ఎప్పుడో మన పూర్వజీవుల్లో చొరబడిన వైరస్‌ల అవశేషాలే. మామూలుగా వాటికి పొల్లులు పెట్టి నోరు మూయించి ఉంచుతుంది కణం. ఈ మందులు ఆ మూతలు తీస్తే, క్యాన్సర్ కణం తనకు వైరస్ సోకిందని భ్రమపడి రోగనిరోధక వ్యవస్థను మేల్కొలుపుతుందని 2015లో రెండు బృందాలు ఒకేసారి చూపించాయి. ఒకటి బేలిన్ వైపుది, మరొకటి టొరంటోలో డి కార్వాల్హో నడిపినది. రెండోదానిలో జోన్స్ కూడా సహరచయిత. కండరం అదిరిన సంగతి ప్రకటించిన నలభై ఏళ్లకు దగ్గరగా కూడా ఆయన అదే మందు మీద కొత్త ప్రశ్న వేస్తూ ఉన్నారన్నమాట. ఆ మరుసటి ఏడాది ఆయన బృందమే, విటమిన్ సి తోడైతే ప్రయోగశాలలోని క్యాన్సర్ కణాల్లో ఈ రకం మందు ప్రభావం పెరుగుతుందని ప్రచురించింది. ఈ సంగతి మీ విలేఖరి కంట పడలేదు, సంతోషం. పడి ఉంటే మరుసటి సోమవారానికల్లా రైతుబజారులో నిమ్మకాయల ధర పెరిగేది. హాస్యానికి అంటున్నాను గాని, కల్చర్ డిష్‌లో కణాలకు జరిగినది, ఎలుకకు జరిగినది, మనిషికి జరిగినది అనే మూడింటికీ మధ్య ఉన్న దూరాన్ని చెప్పకపోవడం మన ఆరోగ్య వార్తల్లో అన్నింటికన్నా తరచుగా కనిపించే లోపం. 'ఎపిజెనెటిక్స్' పేరు చెప్పి, ఆలోచనలతో జన్యువులను మార్చుకోవచ్చంటూ శిబిరాలు పెట్టి డబ్బు గుంజేవారికి ఆ ఖాళీయే పెట్టుబడి.

ప్రతి జనవరి 12న మీరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకుంటూ వ్యాసం వేస్తారు. ఆయన బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ పరిశోధన పత్రం శీర్షికలో మొట్టమొదటి మాట 'తాత్కాలిక'. చావు తప్పదనుకున్న పిల్లలు లేచి ఆడుకుంటుంటే చూసిన వైద్యుడు, ఆ ఉత్సాహంలో కూడా, ఆ మాటను శీర్షికలో అందరికంటే ముందు నిలబెట్టాడు. అన్నట్టు, ఆ మందు అడ్డగించిన ఫోలిక్ ఆమ్లమే కణంలో మిథైల్ గుంపుల సరఫరాకు కూడా ఆధారం. సుబ్బారావు గారి కథ, జోన్స్ కథ ఒకే రసాయన వీధిలో రెండు ఇళ్లు. ఈ సంగతి మీరు వచ్చే జనవరిలో రాస్తే బాగుంటుంది.

బావగారి విషయం చెప్పడం మరిచాను. నాలుగో సైకిల్ తర్వాత రక్తం ఎక్కించే ఎడం పది రోజుల నుంచి మూడు వారాలకు పెరిగింది. అయిదో సైకిల్ తర్వాత ఎనిమిది నెలల పాటు అసలు అవసరమే రాలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఆయన పొద్దున్నే సంచీ పట్టుకుని తనే కూరలకు వెళ్లారు, కొబ్బరి తోట కౌలు లెక్కలు సరిచూశారు, నాతో పాత తగాదా ఒకటి మళ్లీ తవ్వి మాట్లాడటం మానేసి మళ్లీ మొదలుపెట్టారు. మందు మొదలైన ఇరవై నెలలకు దాని ప్రభావం తగ్గింది, జబ్బు ల్యుకేమియాగా మారింది, పోయారు. మాతోపాటే డే కేర్‌లో పక్క కుర్చీలో కూర్చునే ఒకాయన రెండో సైకిల్ తర్వాత మళ్లీ రాలేదు. పనిచేయడం లేదని ఇంట్లోవాళ్లు మానిపించారని సిస్టర్ చెప్పింది. ఆయనకు మందు పనిచేసేదో లేదో ఎవరూ చెప్పలేరు, ఈ మందు అందరికీ పనిచేయదు. కాని ఆ కుటుంబం అసలు కారణం తెలిసి మానుకోలేదు.

మీ పత్రిక నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఇలాంటి మందు గురించి రాసినప్పుడు అది ఎన్ని నెలలకు పనిచేస్తుందో, ఎంతమందిలో పనిచేయదో, జబ్బును నయం చేస్తుందో లేక వెనక్కి నెడుతుందో ఒక పేరాలో చెప్పించండి. శాస్త్రవేత్త ఫొటో కొంచెం చిన్నదైతే ఆ పేరాకు చోటు దొరుకుతుంది. మరొకటి, వ్యాసం మూడో కాలమ్‌లో "లోపభూయిష్టమైన జన్యువును తొలగించి దాని స్థానంలో మంచి జన్యువును చేర్చే ఈ మందు" అన్న వాక్యం ఉంది. అది జన్యు చికిత్స వర్ణన, అజాసైటిడిన్‌ది కాదు. ఈ మందు ఏ జన్యువునూ తొలగించదు, చేర్చదు. దీనికి సవరణ వేయగలరు. వీలైతే లోపలి పేజీలో మూలకు కాక, ఆ వ్యాసం వచ్చిన అనుబంధంలోనే.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ